రిమార్కుల గడిలో రెండు మాటలు

ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినంతగా సింగపూర్‌లో మరే తెలుగువాడికీ తెలియదని కొన్నేళ్ళపాటు కోతలు కోస్తూ తిరిగాను. ఆ ఆట నేను ఎన్నడూ ఆడలేదు. అప్పటికి ఒక్కసారి చూడను కూడా లేదు. నాకున్న పరిజ్ఞానమంతా నూరేళ్ళు దాటిన పత్రికల్లోంచి వచ్చింది, అదీ కంప్యూటర్ తెర మీద ముక్కలు ముక్కలుగా.

నా ఉద్యోగం అలాంటిది. చాంగీ బిజినెస్ పార్క్‌లో, బ్యాంకుల ఆఫీసుల మధ్య ఇరుక్కున్న ఒక చిన్న సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడెక్కడి గ్రంథాలయాలో తమ పాత పత్రికల ఫొటోలు మాకు పంపేవి. వాటిని యంత్రం చదివి అక్షరాలుగా మార్చేది. యంత్రం చేసిన తప్పులను మా బృందం దిద్దేది. బృందం చేసిన తప్పులను నేను దిద్దేవాణ్ణి. నేను చేసే తప్పులను దిద్దడానికి మాత్రం ఆ సంస్థ ఎవరినీ పెట్టలేదు. ఇవాళ ఇది రాస్తున్నది అందుకే.

మీలో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, పక్కవాళ్ళ పని తనిఖీ చేసే కుర్చీ ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తున్నవాళ్ళు ఉంటారు. నేనూ అలాగే చూశాను. గుంటూరులో ఇంగ్లీషు ఎమ్మే చదివినవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చూస్తే అందులో ఆరు తప్పులు పట్టగలనని పేరు. ఆ కుర్చీ ఎవరో నా కొలతలు తీసుకుని చేయించారనుకున్నాను.

ఒక ఏడాది ఆస్ట్రేలియా నుంచి కొత్తరకం పని వచ్చింది. అక్కడి ఆటల చరిత్ర సంఘమొకటి, తమ దేశపు ఫుట్‌బాల్‌ను తొలి దశాబ్దాల్లో ఆడినవాళ్ళందరికీ తలా ఒక పట్టిక తయారుచేయమంది. ఏ ఏడాది ఏ జట్టు, మైదానంలో ఏ స్థానం, చివర రిమార్కులకు ఒక గడి. ఆ సంవత్సరం అతని ఆట గురించి పత్రికలు ఏం రాశాయో ఆ గడిలో రెండు మూడు మాటల్లో పెట్టాలి.

అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మైదానమూ దాదాపు అదే ఆకారం. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు, తన్నవచ్చు. ఒకడు తన్నిన బంతిని ఇంకొకడు గాల్లోనే పట్టేస్తే దాన్ని ‘మార్క్’ అంటారు. ఇది మాకెవరికీ తెలియదు. మొదటి వారం మా బృందంలో ఒకాయన, ఎవరో ఆటగాడు ‘ఏడు మార్కులు’ తెచ్చుకున్నాడని చదివి, “పాపం, తప్పాడు” అన్నాడు. యంత్రం సంగతి ఇంకా ఘోరం. మసిబారిన అచ్చులో ‘కిక్’ అన్న మాటను అది సగం చోట్ల ‘లిక్’ అని చదివేది. ప్రతి శనివారం మధ్యాహ్నం పెద్ద పెద్ద మీసాలవాళ్ళు బురదలో బంతిని నాకుతున్నట్టుగా పేజీలకు పేజీలు వచ్చేవి.

నేను చెప్పదలచుకున్న మనిషి ఆ పట్టికల్లో ఒకడు. పేరు చెప్పను, ఆయన వాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆయన మొదటిసారి నాకు కనిపించింది ఒకే ఒక వాక్యంలో. పల్లె నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఎడమకాలితో తంతాడు, తొడుక్కున్నవి మాత్రం పొలం బూట్లు. ఆ తర్వాతి మూడు వారాల్లో పత్రిక ఆయన ఇంటిపేరును మూడు రకాలుగా అచ్చువేసింది. యంత్రం ముగ్గురు మనుషులనుకుని మూడు పట్టికలు తెరిచింది. ఆ ఎడమకాలిని పట్టుకుని ముగ్గురినీ ఒక్కడిగా చేసింది నేనే. ఆ సాయంత్రం నా సంతోషం చూసి మా ఆవిడ ప్రమోషన్ వచ్చిందేమో అనుకుంది. విషయం చెప్తే, “నూరేళ్ళ కిందటి వాడు ఏ కాలితో తంతే మీకెందుకండీ?” అని పులుసులో ఉప్పు చూడ్డానికి వెళ్ళిపోయింది.

ఎందుకో నాకూ తెలియదు. కానీ తెలుసుకోవాలనిపించేది. వారం రోజులు ఇటుక బట్టీలో పనిచేసేవాడట. శనివారం మధ్యాహ్నం వరకు పని, ఆ తర్వాత ఆట. ఊరి మధ్యలో నది ఉంది. ఇవతలి ఒడ్డున ఉన్న పేట జట్టుకు ఆడేవాడు. రెండో ఏడాది ఆయన్ను వెనక వరసలోకి మార్చారు. అవతలివాళ్ళు గోల్ కొట్టకుండా ఆపే స్థానం. అక్కడినుంచి ఆయన పత్రికలో కనిపించడం దాదాపు మానేశాడు.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ముందు వరసవాడి పేరు గోల్ కొట్టినప్పుడల్లా పత్రికలో పడుతుంది. వెనక వరసవాడి పేరు పడేది బంతి వదిలేసినప్పుడే. అంటే ఆయన ఎంత బాగా ఆడితే అంత తక్కువ కనిపిస్తాడు. ఒక శనివారం విలేకరి, పేరుమోసిన ఒక గోల్ వీరుడికి ‘మధ్యాహ్నమంతా బంతి దర్శనమే కాలేదు’ అని రాశాడు. ఎందుకు కాలేదో రాయలేదు. ఆ రోజు జట్ల జాబితా తీసి, ఆ వీరుడి ఎదురుగా నిలబెట్టింది ఎవరినా అని చూశాను. మన ఎడమకాలి మనిషినే. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. అప్పటినుంచి పేరు లేనిచోట ఆయన్ను వెతకడం వ్యసనమైపోయింది. వార్తలో ఆయన లేడంటే బాగా ఆడాడన్నమాట. ఈ సూత్రం నేనే కనిపెట్టానని నాకు మహా గర్వం.

ఇలా నాలుగేళ్ళ పట్టిక నిండింది. ఆరో ఏడాది నుంచి ఆయన నదికి అవతలి ఒడ్డు జట్టులో ఉన్నాడు. అక్కడ చాలాకాలం ఆడాడు. ఒక సీజన్ నాయకుడయ్యాడు, వేలు విరిగింది, మానేసేటప్పుడు క్లబ్బువాళ్ళు గోడ గడియారం ఇచ్చారు, తర్వాత కొన్నాళ్ళు గోల్ కర్రల దగ్గర జెండాలు ఊపే అంపైరుగా చేశాడు. ఇదంతా సాఫీగానే దొరికింది. చిక్కల్లా ఐదో ఏడాదితోనే.

ఐదో ఏడాది పేజీలు దిద్దింది మా బృందంలో ఒకమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. కరీంనగర్ దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. యీషున్‌లో మాకు రెండు బ్లాకుల అవతలే ఉండేవాళ్ళు. ఆమె పని శుభ్రంగా ఉండేది. కానీ ప్రతి పది వాక్యాలకూ ఒకదాని పక్కన అనుమానం గుర్తు పెట్టేది. ఆ గుర్తు పెట్టిన ప్రతిదాన్నీ నేను తెరిచి చూడాలి. నాకు చిరాకుగా ఉండేది.

ఆ ఏడాది మొత్తానికి మన ఆటగాడి గురించి దొరికింది ఒక్క వాక్యం. సీజన్ చివర, ఆటల కబుర్ల శీర్షికలో, ఒక పొడుగాటి కాలమ్ అట్టడుగున ఉంది. ఫలానా ఆయన ‘స్టుడ్ ఔట్ ఆల్ ద సీజన్’ అని. అక్కడితో కాలమ్ అయిపోయింది. ఆమె రిమార్కుల గడిలో ‘ఆ ఏడాది ఆడలేదు’ అని ఇంగ్లీషులో రాసి, పక్కన తన అనుమానం గుర్తు పెట్టింది.

పిలిచాను.

“ఏమ్మా, ఇదేంటి? ఆడలేదని ఎక్కడుంది?”

“గదే సార్. స్టుడ్ ఔట్ అని ఉన్నది గద. బయట నిలబడ్డడు అని.”

“బయట నిలబడ్డాడా?”

“ఔ సార్. లోపల ఆడేటోడైతె బయట ఎందుకు నిలబడ్తడు?”

నేను నవ్వాను. చిన్నగా నవ్వలేదు. హాల్లో ఆ చివర ఉన్నవాళ్ళు కూడా తలలెత్తి చూశారు. “అమ్మా, స్టుడ్ ఔట్ అంటే అందరిలోకీ ప్రత్యేకంగా నిలిచాడని! మన పేపర్లలో రాయరూ, ఫలానావాడు బ్యాటింగ్‌లో ప్రత్యేకంగా నిలిచాడని? మాటకు మాట పెట్టుకుంటూ పోతే ఇంగ్లీషు ఎలా వస్తుంది?” అన్నాను. పక్క సీట్లో ఆయన, “వాన వచ్చిందేమో సార్, గొడుగేసుకుని బయట నిలబడ్డాడు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “సారీ సార్, నాకు తెల్వది” అని వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

గడిలో ఆమె రాసింది చెరిపేసి, ‘సీజనంతా మెరిశాడు’ అన్న అర్థం వచ్చేలా నా చేతులతో నేనే టైపు చేశాను. ఆమె తనిఖీ పత్రంలో ఒక తప్పు వేశాను. నిజం చెప్పాలంటే నాకు సాక్ష్యం కూడా ఉందనుకున్నాను. ఆ ఏడాది ఏ ఆట వార్తలోనూ ఆయన పేరు ఒక్కసారి కూడా రాలేదు. జట్ల జాబితాలు వేసే పేజీలు ఆ ఏడాది కట్టలో చిరిగిపోయి ఉన్నాయి గనక అవి చూసే వీల్లేదు. సీజనంతా పేరు రాలేదంటే సీజనంతా ఒక్క బంతీ వదల్లేదన్నమాట. నా సూత్రం ప్రకారం అంతకంటే గొప్ప సీజన్ ఉండదు. మురిసిపోయాను.

పని ముగిసింది. తప్పులే లేని పని అని ఆ సంఘంవాళ్ళు సర్టిఫికెట్ పంపారు. మా మేనేజర్ దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించింది. ఆ తర్వాత కొద్ది రోజులకు కరీంనగర్ అమ్మాయి పక్క భవనంలోని బ్యాంకు ఆఫీసులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. వీడ్కోలు రోజు నేను మాట్లాడుతూ, చివరి నెలల్లో ఆమె అనుమానం గుర్తులు పూర్తిగా తగ్గిపోయాయనీ, అది శిక్షణ ఫలితమనీ చెప్పాను. శిక్షణ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు కదా.

నాలుగు నెలలకు ఆ సంఘం ద్వారా నాకొక ఉత్తరం వచ్చింది. రాసింది ఎనభై ఏడేళ్ళ పెద్దావిడ. మన ఆటగాడి కొడుకు కూతురు. పట్టికలను అప్పటికి అందరూ చూసేలా పెట్టారు. ఆమె చూసింది. ఉత్తరంలో ఉన్న సంగతి ఇది.

ఆమె తండ్రి పుట్టిన ఏడాది, అంటే మన పట్టికలో ఐదో ఏడాది, పురుడు వికటించి ఆమె నాయనమ్మ చలికాలమంతా మంచం మీదే ఉంది. ఇటుక బట్టీ పని నుంచి వచ్చి ప్రతి శనివారం మధ్యాహ్నం తాతగారే పసివాడి బట్టలు ఉతికి, వీధివైపు తీగ మీద ఆరేసేవాడు. మైదానానికి వెళ్ళే జనం అది చూసి ఈలలు వేసేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. నాయనమ్మ ఈ కథ మనవలందరిలోనూ ఈమె ఒక్కదానికే చెప్పింది. ఇప్పుడు ఆమె తమ కుటుంబం గురించి ఒక చిన్న పుస్తకం వేస్తోంది. మా పట్టిక చూసిన దగ్గరి బంధువులు ఆమెను ఆట పట్టిస్తున్నారు. ఆటలన్నీ శనివారం మధ్యాహ్నమే కదా, సీజనంతా మెరిసినవాడు ఇంట్లో బట్టలెప్పుడు ఉతికాడు, ముసలావిడ మొగుణ్ణి గొప్ప చేయడానికి కల్పించి చెప్పిందిలే అంటున్నారు. ‘దయచేసి ఇంకొక్కసారి చూసి చెప్పండి. మా నాయనమ్మ నాతో అబద్ధం చెప్పిందా అన్నది నాకు తెలియాలి’ అని ముగించింది.

ఒక పూటలో జవాబిచ్చేశాను. పేజీ మళ్ళీ తెరవలేదు. వెనక వరస ఆటగాళ్ళ గురించి నా సూత్రాన్ని వివరించాను. పట్టిక సరైనదేనన్నాను. పెద్దవాళ్ళ జ్ఞాపకాలు ఏళ్ళు గడిచేకొద్దీ తీపెక్కుతాయని కూడా ఒక వాక్యం రాశాను. ఆ ఇంగ్లీషు వాక్యం అందంగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

రెండు రోజులకు ఆమె ఒక్క వరుస రాసింది: ‘ధన్యవాదాలు. అయితే నాయనమ్మ కథ పుస్తకంలోంచి తీసేస్తాను.’

కాస్త గుచ్చుకుంది. కాఫీ తాగాక పోయింది.

మరో రెండు నెలలకు ఎవరో చెప్పారు, ఇక్కడుండే ఆస్ట్రేలియావాళ్ళు శనివారాలు ఒక మైదానంలో ఆ ఆట ఆడతారని. ఇన్నేళ్ళు నేను వేల వార్తలు దిద్దిన ఆట రైలెక్కితే చేరేంత దూరంలో ఉందని నాకు తెలియనే తెలియదు. గొడుగు పట్టుకుని బయలుదేరాను. వెళ్ళిన పది నిమిషాలకు ఒక మనిషి మరొకడి వీపు మీద మోకాలు ఆనించి, ఆకాశంలోకి లేచి, రెండు చేతులతో బంతి పట్టాడు. నేను నోరెళ్ళబెట్టాను. మార్క్ అంటే ఇదా! ఈ మాటను ఎన్నిసార్లు టైపు చేశానో. ప్రతిసారీ వట్టి మాటగానే టైపు చేశాను.

కొంతసేపటికి మబ్బు పట్టి, పిడుగు హెచ్చరిక మోగింది. ఇక్కడ అది మోగితే ఎంతటి ఆటైనా ఆపి బయటికి రావాల్సిందే. అందరం రేకుల షెడ్డు కిందికి చేరాం. నా పక్కన నాకంటే పెద్దాయన, ఆస్ట్రేలియా ఆయన, కర్రీ పఫ్ తింటున్నాడు. ఎదురుగా ఐసు పెట్టె మీద తాడిచెట్టంత కుర్రాడు, ఒంటి మీద చుక్క బురద లేకుండా, తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

“అతను ఆడట్లేదే?” అని అడిగాను.

“ఈ ఏడాది స్టాండింగ్ ఔట్,” అన్నాడాయన.

“అంత గొప్ప ఆటగాడా?”

“గొప్పేంటి మేట్? ఆడితేగా!”

“మరి స్టాండింగ్ ఔట్ అన్నారు?”

ఆయన నావైపు కొత్తగా చూశాడు. “పాత క్లబ్బు వదలనంది. వాళ్ళు కాగితం ఇచ్చేదాకా వేరే జట్టుకు ఆడటానికి లేదు. ఏడాదంతా బయట నిలబడాల్సిందే. మా తాతల కాలం నుంచీ ఉన్న మాటే.”

ఆయన చెప్పింది ఇంగ్లీషులోనే. నా చెవికి మాత్రం కరీంనగర్ తెలుగులో వినిపించింది. బయట నిలబడ్డడు అని గద సార్. తల కొట్టేసినట్టయింది. మబ్బు తేలిపోయి ఆట మళ్ళీ మొదలైంది. నేను చూడలేకపోయాను. రైల్లో యీషున్ వచ్చేదాకా ఒకటే లెక్క: ఐదో ఏడాది ఎక్కడా పేరు లేదు, ఆరో ఏడాది నది అవతలి జట్టు. రెండో తరగతి పిల్లాడికి ఇచ్చినా చేసేవాడు.

సోమవారం పొద్దున్నే ఆ పేజీ తెరిచాను. మా పని పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పెద్ద పేజీని కాలమ్‌ల వారీగా నిలువు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కొక్కరికి ఇచ్చేవాళ్ళం. పని త్వరగా సాగుతుందని. పెద్ద వార్తలైతే తర్వాత ముక్కలు కలిపి చూసేవాళ్ళం. కబుర్ల శీర్షికకు అంత మర్యాద లేదు. కోయని పేజీలో పక్క కాలమ్ నెత్తి మీద చూశాను. వాక్యంలో మిగతా సగం అక్కడ ఉంది: ‘పాత క్లబ్బు ఆయన్ను నది దాటనివ్వనందున. అత్తవారింటి పక్కకు మారినవాడు అక్కడి జట్టుకు ఆడాలనుకోవడం తప్పు కాదు.’ తల ఎత్తి చూసేంత దూరంలో ఉంది. మీట నొక్కి పూర్తి పేజీ చూసి ఉంటే ఆ రోజే కనిపించేది. పెద్దావిడ అడిగినప్పుడైనా కనిపించేది.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ పుట్టిపెరిగిన చైనీస్ ఆవిడ, నాకంటే చాలా చిన్నది, నన్ను అంకుల్ అనేది.

“అంకుల్, ఆ ప్రాజెక్ట్ క్లోజ్ ఆల్రెడీ లా,” అంది. “ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు కదా?”

“ఒకావిడ అడిగింది. నేను జవాబిచ్చాను.”

“అయితే అయిపోయిందిగా.”

“తప్పు జవాబిచ్చాను.”

ఆమె ముందు గది వైపు చూసింది. అక్కడ ఆ సర్టిఫికెట్ ఉంది. “ముందు మకాన్ చేసి రా అంకుల్. తర్వాత ఆలోచిద్దాం,” అంది. మకాన్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో భోజనం. నాకు భయమేసింది, దాచుకోను. ఆ ఏడాదితో నా పదవీకాలం అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉంది.

ఎక్స్‌పో స్టేషన్ వైపున్న ఫుడ్ కోర్టులో కరీంనగర్ అమ్మాయి కనిపించింది. కనిపించిందేమిటి, కనిపిస్తుందనే వెళ్ళాను. ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ పొట్లం పెట్టి తనకని పట్టి ఉంచుకున్న బల్ల దగ్గర అన్నం డబ్బా విప్పుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను.

“అయితె నేను రాసింది కరెక్టేనా సార్?”

“కరెక్టే. నాదే తప్పు. అందరి ముందూ నవ్వాను కూడా. క్షమించమ్మా.”

“అయ్యో, గంత మాట ఎందుకు సార్.” అన్నం కలపడం మొదలుపెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది. “గా దినం సంది నేను అనుమానం గుర్తు పెడ్తలేను సార్. మీ తాన గూడ బంద్ చేసిన. ఈడ గూడ పెడ్తలేను. ఏది రాస్తె ఎవరు నవ్వుతరో అని. అనుమానం అయితది, కని రాయ.”

వీడ్కోలు రోజు నేను దేన్ని మెచ్చుకున్నానో అప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. మీరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు గనక చెబుతున్నాను. మన కింద పనిచేసేవాళ్ళు అడగడం మానేస్తే వాళ్ళకు పని వచ్చేసిందని మనం అనుకుంటాం.

“గా ముసలమ్మకు ఫోన్ చెయ్యుండ్రి సార్,” అంది ఆమె డబ్బా మూత పెడుతూ. “మెయిల్ కొడ్తె ఎప్పుడు చూస్తదో ఏమో. ఫోనే చెయ్యుండ్రి. ఇప్పుడే.”

ఆఫీసుకు తిరిగి వచ్చి, ఫోన్ చేస్తానని మేనేజర్‌కు చెప్పాను. ఆలోచించావా అని ఆమె అడగలేదు. నా మొహం చూసి, “చిన్న మీటింగ్ రూమ్ మూడింటిదాకా ఖాళీ, అంకుల్,” అంది. నేను భయపడ్డదేదీ తర్వాత జరగలేదు. ఇంకో ఏడాది ఉంచుకున్నారు. సర్టిఫికెట్‌ను కూడా ఎవరూ గోడమీంచి దించలేదు. కరీంనగర్ అమ్మాయి పాత పత్రంలో నేను వేసిన తప్పు కొట్టేయమంటే మాత్రం, “ఆమె వెళ్ళిపోయింది కదా, ఇప్పుడు కొట్టేసి ఏం లాభం?” అని అందరూ వింతగా చూశారు. పట్టుబట్టి కొట్టేయించాను.

సంఘంవాళ్ళను అడిగి పెద్దావిడ నంబరు తీసుకున్నాను. చాలాసేపు మోగింది. ఎత్తింది.

నేనెవరో చెప్పాను. “మీ తాతగారు ఆ ఏడాది ఆడలేదండీ. ఒక్క ఆట కూడా. నేను తప్పుగా చదివాను,” అన్నాను.

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

“కాగితం తెచ్చుకుంటాను. నెమ్మదిగా చెప్పండి,” అంది.

రెండు సగాలూ కలిపి చదివాను. మళ్ళీ చదవమంది. ‘అత్తవారింటి పక్కకు మారినవాడు’ అన్న దగ్గర ఆపింది. “అవును. నాయనమ్మను చూసుకోవడానికి వాళ్ళమ్మ దగ్గరగా ఉండాలని. వారమంతా ఆవిడ చూసేది, శనివారం మధ్యాహ్నం ఈయన,” అంది. అది పత్రికలో లేని సంగతి. ఆయన ఆట ఎందుకు పోగొట్టుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

“పుస్తకాలు వచ్చేశాయి,” అంది తర్వాత. “అరవై. పెట్టెల్లో ఉన్నాయి.”

మళ్ళీ అచ్చు వేయించవచ్చేమో అని ఏదో గొణిగాను.

“వద్దు. ఆ కథ తీసేసిన పేజీ అడుగున కొంచెం ఖాళీ వదిలారు. అక్కడ చేత్తో రాస్తాను. అరవైలోనూ.”

“మీకు కష్టం కదండీ.”

“చెయ్యి వణుకుతుంది. వణకనీ.”

క్షమించమని అడిగాను. పరవాలేదని ఆమె అనలేదు. “నేను అడిగిన రోజే చూసి ఉండాల్సింది,” అంది. ఉండాల్సిందేనన్నాను.

“మీ ఉత్తరం వచ్చిన రోజు,” అని మొదలుపెట్టింది ఆమె, “గోడ మీంచి నాయనమ్మ ఫొటో తీసి సొరుగులో పెట్టాను. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది కదా, ఆ మొహంతోనే అబద్ధం చెప్పిందా అనిపించి, చూడలేకపోయాను.” తర్వాత, “ఉండండి, పెట్టేయకండి,” అంది.

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. నెమ్మదిగా నడిచే అడుగులు. సొరుగు బిగుసుకుపోయినట్టుంది, రెండుసార్లు లాగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను రెండు చేతులతో ఫోను పట్టుకుని, అక్కడే నిలబడి ఉన్నాను.

తిరిగి వచ్చి, కాస్త ఆయాసపడుతూ, “తగిలించాను,” అంది.